సైన్, కాస్‌లతో పాటు [ ] వస్తే లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న ఇది. ఎఫ్(ఎక్స్) = కాస్[π²]ఎక్స్ + సైన్[−π²]ఎక్స్ అయితే ఎఫ్(π/4) ఎంత? మీకు 0 వస్తోంది, కీలో మాత్రం 1/√2 − 1 అని ఉంది. కీ తప్పేమోనని అనుమానం. దాంతోపాటు సైన్[ఎక్స్], [సైన్ ఎక్స్] లాంటివి కలిసి కనిపిస్తే ఏది ముందు చేయాలో తెలియక టెన్షన్ వస్తోందని కూడా రాశారు. రెండింటికీ వివరంగానే జవాబు చెబుతాను. ఈ అంశం మీద చాలామందికి ఉన్న గందరగోళం ఒక్క చోట నుంచే మొదలవుతుంది.

కీ కరెక్టే. మీకు 0 ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. [−π²] విలువను −9 అని తీసుకుని ఉంటారు. అలా తీసుకుంటే ప్రమేయం కాస్ 9ఎక్స్ − సైన్ 9ఎక్స్ అవుతుంది. π/4 దగ్గర రెండూ 1/√2 కాబట్టి తీసేస్తే సున్నా. ఇంత చక్కగా సున్నా వచ్చాక అనుమానం రాదు, అందుకే ఈ లెక్క ఇంతమందిని పట్టేస్తుంది.

[టి] అంటే టి కి మించని పూర్ణాంకాల్లో అన్నిటికంటే పెద్దది. దీన్నే గరిష్ఠ పూర్ణాంక ప్రమేయం అంటారు, వచ్చే విలువను టి పూర్ణాంక భాగం అంటారు. "మించని" అన్న మాటే ఇక్కడ ప్రాణం. సంఖ్యారేఖ మీద టి దగ్గర నిలబడి ఎడమవైపుకు నడిస్తే మొదట తగిలే పూర్ణాంకం అది. టి తానే పూర్ణాంకమైతే కదలాల్సిన పనిలేదు. ధనసంఖ్యలకు ఇది దశాంశ భాగాన్ని కొట్టేసినట్టే ఉంటుంది కాబట్టి మనసులో "దశాంశం తర్వాతది తీసేయడమే" అని ముద్రపడిపోతుంది. రుణసంఖ్య రాగానే ఆ ముద్ర మోసం చేస్తుంది. −9.87 నుంచి ఎడమవైపుకు నడిస్తే తగిలేది −10. −9 కుడివైపు ఉంది, అది −9.87 కంటే పెద్దది, కాబట్టి "మించని" అన్న షరతుకు నిలవదు.

దీన్నే సూత్రంగా రాసుకోవచ్చు. టి పూర్ణాంకం కాకపోతే [−టి] = −[టి] − 1. టి పూర్ణాంకమైతే [−టి] = −[టి]. ఈ రెండు వాక్యాలనూ గట్టిగా పట్టుకోండి, కింద సమాకలనాల దగ్గర ఇవే చాలా పని తగ్గిస్తాయి.

ఇప్పుడు మీ లెక్క. [π²] = 9, [−π²] = −10. సైన్ బేసి ప్రమేయం కాబట్టి సైన్(−10ఎక్స్) = −సైన్ 10ఎక్స్.

ఎఫ్(ఎక్స్) = కాస్ 9ఎక్స్ − సైన్ 10ఎక్స్

ఎక్స్ = π/4 పెడితే కాస్(9π/4) − సైన్(5π/2). 9π/4 లోంచి 2π తీసేస్తే π/4, కాబట్టి మొదటిది 1/√2. 5π/2 లోంచి 2π తీసేస్తే π/2, కాబట్టి రెండోది 1. జవాబు 1/√2 − 1, సుమారు −0.293. ఇదే ప్రమేయానికి ఎఫ్(π/2) = 0, ఎఫ్(π) = −1 వస్తాయి. ఎఫ్(π/3) మీరే చేసి చూడండి: −1 + √3/2 రావాలి. ఒట్టి −1 వస్తే −10 బదులు మళ్లీ −9 వాడారన్నమాట.

చాలామంది చూడకుండా దాటేసే మెట్టు ఒకటుంది. [π²] = 9 అని ఎలా తెలిసింది? కాలిక్యులేటర్‌లో 9.8696 అని చూశాం కాబట్టి అంటే సరిపోదు. కాలిక్యులేటర్ లేకుండా ఇలా చూపించాలి: 3.1 < π < 3.15. వర్గం చేస్తే 9.61 < π² < 9.9225. రెండు హద్దులూ 9కి, 10కి మధ్యనే ఉన్నాయి, పని అయిపోయింది. π² ఖచ్చితమైన విలువ మనకు అక్కర్లేదు, అది ఏ రెండు పక్కపక్క పూర్ణాంకాల మధ్య ఉందో తెలిస్తే చాలు. గరిష్ఠ పూర్ణాంక ప్రమేయంతో వచ్చే ప్రతి లెక్కలోనూ మనం చేసేది చివరికి ఇదే: హద్దులు కట్టడం.

హద్దులు కట్టకుండా ఉజ్జాయింపు విలువ పెట్టేస్తే ఏమవుతుందో [7π] చూస్తే తెలుస్తుంది. π = 22/7 అనుకుంటే 7π సరిగ్గా 22, కాబట్టి [7π] = 22 అనేస్తాం. కానీ 22/7 అనేది π కంటే కొంచెం ఎక్కువ. అసలు 7π విలువ 21.991, కాబట్టి [7π] = 21. ఇప్పుడు ప్రశ్న కాస్([7π]π) అయితే సరైన జవాబు కాస్ 21π = −1, 22/7 వాడినవారికి కాస్ 22π = 1 వస్తుంది. తేడా చిన్న దశాంశంలో కాదు, గుర్తే మారిపోయింది. మామూలు త్రికోణమితిలో ఉజ్జాయింపు తప్పు జవాబులోనూ చిన్న తప్పుగానే ఉంటుంది. ఇక్కడ అలా కాదు, పూర్ణాంకం అంచున ఉన్నప్పుడు చిన్న తప్పు పూర్తిగా వేరే జవాబు దగ్గర దించుతుంది. అందుకే విలువ పూర్ణాంకానికి దగ్గరగా ఉంటే π = 3.14, π = 22/7 రెండింటినీ పక్కన పెట్టి, ఏది π కంటే తక్కువ, ఏది ఎక్కువ అని చూసుకుని హద్దులు రాయాలి.

ఇక మీ రెండో సందేహం. బ్రాకెట్ కనిపించగానే పెన్ను ఆపి ఒక్కటే చూడండి: బ్రాకెట్‌లో ఏముంది? మూడు సందర్భాలు వస్తాయి, మూడూ స్వభావంలో పూర్తిగా వేరు. మీ లెక్కలోలాగా ఒట్టి స్థిరసంఖ్య ఉంటే అది మొదటి నిమిషంలోనే పూర్ణాంకంగా మారిపోతుంది, ఆ తర్వాత మిగిలేది మామూలు త్రికోణమితి. సైన్[ఎక్స్] లాగా కోణమే బ్రాకెట్‌లో ఉంటే కోణం పూర్ణాంక రేడియన్లకే పరిమితం. [సైన్ ఎక్స్] లాగా సైన్ మొత్తం బ్రాకెట్‌లో ఉంటే వచ్చే జవాబులే పూర్ణాంకాలు.

మొదటిదానికీ రెండోదానికీ మధ్య తేడా ఒక్క అక్షరం జరిగితే వచ్చేస్తుంది. కాస్[π²]ఎక్స్‌లో ఎక్స్ బయట ఉంది. అదే కాస్[π²ఎక్స్] అని రాసి ఉంటే? ఎక్స్ = π/4 దగ్గర π²ఎక్స్ = π³/4, అంటే సుమారు 7.75. దాని పూర్ణాంక భాగం 7. జవాబు కాస్ 7, అంటే సుమారు 0.754. మన లెక్కలో అదే చోట కాస్(9π/4) = 0.707. రెండు విలువలూ దగ్గరదగ్గరగా ఉండటం యాదృచ్ఛికమే, ప్రమేయాలు మాత్రం వేర్వేరు: ఒకటి నునుపైన వక్రం, రెండోది మెట్లు మెట్లుగా తెగిపోయే రేఖ. ప్రశ్నను కాగితం మీదకు ఎక్కించేటప్పుడు బ్రాకెట్ ఎక్కడ మూసుకుందో అక్షరం వదలకుండా రాసుకోండి.

కోణం బ్రాకెట్‌లో ఉన్న సైన్[ఎక్స్] సంగతి చూద్దాం. ఎక్స్ 0 నుంచి 1 లోపు ఉన్నంతసేపూ విలువ సైన్ 0 = 0. 1 నుంచి 2 లోపు సైన్ 1, అంటే 0.8415. తర్వాత సైన్ 2 = 0.9093, సైన్ 3 = 0.1411, సైన్ 4 = −0.7568. ఇవన్నీ రేడియన్లు. కాలిక్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉంటే సైన్ 4 ధనసంఖ్యగా, 0.0698గా కనిపిస్తుంది. అది నమ్మి [సైన్ 4] = 0 అని రాస్తారు, నిజానికి అది −1. ప్రశ్నలో డిగ్రీ గుర్తు లేకపోతే అది రేడియనే, అందులో వేరే అర్థానికి తావు లేదు.

సైన్[ఎక్స్] ఆవర్తన ప్రమేయమా, అంటే ఒక నిర్ణీత దూరం తర్వాత విలువలన్నీ మళ్లీ అలాగే తిరిగి వస్తాయా అని తరచూ అడుగుతారు. సైన్ ఉంది కాబట్టి ఆవర్తనం 2π అని చాలామంది చెప్పేస్తారు. కాదు. దీనికి నిరూపణ చాలా అందంగా ఉంటుంది, చూడండి. సైన్[ఎక్స్] సున్నా కావాలంటే [ఎక్స్] అనే పూర్ణాంకం π గుణిజం కావాలి. π కరణీయ సంఖ్య, అంటే రెండు పూర్ణాంకాల భిన్నంగా రాయలేనిది (1761లో లాంబర్ట్ నిరూపించిన విషయం), కాబట్టి 0 తప్ప ఏ పూర్ణాంకమూ π గుణిజం కాలేదు. అంటే సంఖ్యారేఖ మొత్తం మీద సైన్[ఎక్స్] సున్నా అయ్యేది 0 ≤ ఎక్స్ < 1 అన్న ఒక్క ముక్కలోనే. ఆవర్తన ప్రమేయం ఒకచోట సున్నా అయితే ప్రతి ఆవర్తనం తర్వాతా సున్నా కావాలి కదా? ఇది కావడం లేదు. కాబట్టి దీనికి ఏ ఆవర్తనమూ లేదు. కాస్[ఎక్స్]కీ ఇదే వాదన పనిచేస్తుంది, సున్నా బదులు 1 అనే విలువ తీసుకుంటే సరి.

అదే కోణంలో π వచ్చి చేరితే కథ మారిపోతుంది. సైన్(π[ఎక్స్]) ఎప్పుడూ సున్నానే. కాస్(π[ఎక్స్]) అయితే [ఎక్స్] సరిసంఖ్య ఐనప్పుడు 1, బేసి ఐనప్పుడు −1, కాబట్టి ఆవర్తనం 2. ఇంకొకటి: సైన్(π(ఎక్స్ − [ఎక్స్])). ఎక్స్ − [ఎక్స్] ఎప్పుడూ 0 నుంచి 1 లోపే ఉంటుంది కాబట్టి కోణం 0 నుంచి π లోపే ఉంటుంది, సైన్ రుణాత్మకం కాలేదు. విప్పి చూస్తే ఇది |సైన్ πఎక్స్| తప్ప మరొకటి కాదు, ఆవర్తనం 1. బ్రాకెట్ చూపించి భయపెట్టే ప్రమేయం చివరికి మనకు బాగా తెలిసిన వక్రమే కావడం నాకు ఎప్పుడూ నచ్చుతుంది.

సరి, బేసి గురించి ఒక్క మాట. సైన్ బేసి కాబట్టి సైన్[ఎక్స్] కూడా బేసి అనుకోకండి. ఎక్స్ = 1.5 దగ్గర సైన్ 1 వస్తుంది, ఎక్స్ = −1.5 దగ్గర సైన్(−2) వస్తుంది. ఒకటి రెండోదానికి వ్యతిరేకం కాదు. కారణం మళ్లీ [−టి] = −[టి] − 1.

ఇప్పుడు సైన్ మొత్తం బ్రాకెట్‌లో ఉన్న సందర్భం. నా దృష్టిలో అసలు సరుకు ఇక్కడే ఉంది. సైన్ విలువలు −1 నుంచి 1 వరకు కాబట్టి [సైన్ ఎక్స్]కి −1, 0, 1 అనే మూడే విలువలు సాధ్యం. ఎక్స్‌ను 0 నుంచి 2π లోపు తీసుకుంటే: 0 నుంచి π వరకు, రెండు కొసలూ కలుపుకుని, విలువ 0. మధ్యలో π/2 అనే ఒక్క బిందువు దగ్గర మాత్రం 1. π దాటిన దగ్గర నుంచి 2π చేరేలోపు −1. ఎక్స్ = π దగ్గర సైన్ సరిగ్గా 0 కాబట్టి విలువ 0, దాన్ని దాటి వెంట్రుకవాసి కదిలినా −1. కొసలు ఎటు కలుస్తాయో ఇలా ఒక్కొక్కటిగా చూసుకోవాల్సిందే. [సైన్ ఎక్స్] సున్నా అయ్యేది సైన్ ఎక్స్ = 0 దగ్గర మాత్రమే అనుకునేవాళ్లు చాలామంది. 1/[సైన్ ఎక్స్]కి ప్రదేశం (ఏ ఎక్స్ విలువలకు ప్రమేయానికి అర్థం ఉంటుందో అవి) కనుక్కోమంటే nπ లాంటి బిందువులు తీసేసి ఊరుకుంటారు. నిజానికి 0 ≤ సైన్ ఎక్స్ < 1 ఉన్నచోటల్లా హారం సున్నా అవుతుంది. ఒక ఆవర్తనంలో మిగిలేది π నుంచి 2π వరకు కొసలు లేని ముక్క, ఇంకా π/2 అనే ఒంటరి బిందువు. అంతే.

లోపల గుణకం వస్తే మెట్లు పెరుగుతాయి. [2సైన్ ఎక్స్] తీసుకోండి. 2సైన్ ఎక్స్ ఎక్కడెక్కడ పూర్ణాంకం అవుతుందో ముందు గుర్తించాలి, ఎందుకంటే మెట్టు మారేది అక్కడే. సైన్ ఎక్స్ 0, 1/2, 1, −1/2, −1 అయ్యే కోణాలు: 0, π/6, π/2, 5π/6, π, 7π/6, 3π/2, 11π/6. ఈ కోణాలను గీత మీద గుర్తుపెట్టుకుని ఒక్కో ముక్కలో విలువ రాసుకుంటే సరిపోతుంది. π/6 నుంచి 5π/6 వరకు విలువ 1 (π/2 దగ్గర మాత్రం 2). దానికి ముందూ వెనుకా π లోపు 0. π దాటాక 7π/6 వరకు −1. 7π/6 నుంచి 11π/6 మధ్యలో −2. 11π/6 నుంచి 2π లోపు మళ్లీ −1.

దీన్ని 0 నుంచి 2π వరకు సమాకలనం చేయమన్నారనుకోండి. ఒక్కో మెట్టు పొడవును ఎత్తుతో గుణించి కూడితే చాలు, π/2 లాంటి ఒంటరి బిందువుల వల్ల సమాకలనానికి ఏ తేడా రాదు. 1 × (2π/3) − 1 × (π/6) − 2 × (2π/3) − 1 × (π/6). మొత్తం −π.

ఇంకొకటి చేద్దాం. [సైన్ ఎక్స్ + కాస్ ఎక్స్]. ఇక్కడ చాలామంది విడగొట్టి [సైన్ ఎక్స్] + [కాస్ ఎక్స్] అని రాసేస్తారు, అది కుదరదు. ఎక్స్ = π/4 దగ్గర విడగొడితే 0 + 0 = 0, కలిపి చూస్తే [√2] = 1. బ్రాకెట్‌లోంచి విడదీసి బయటికి తీయగలిగేది పూర్ణాంకాన్ని మాత్రమే: [టి + 3] = [టి] + 3 నిజం, అంతకుమించి స్వేచ్ఛ లేదు. కాబట్టి లోపలిదాన్ని √2 సైన్(ఎక్స్ + π/4) అని రాయండి. విలువలు −1.414 నుంచి 1.414 వరకు, కాబట్టి పూర్ణాంక భాగం −2, −1, 0, 1 కావచ్చు. −2 కూడా వస్తుందని గమనించండి, దాన్ని మరచిపోయేవాళ్లే ఎక్కువ. 0 నుంచి π/2 వరకు మొత్తం 1కి తగ్గదు, కాబట్టి విలువ 1. π/2 దాటాక 3π/4 వరకు 0. అక్కడ నుంచి π వరకు −1. π నుంచి 3π/2 మధ్యలో −2. 3π/2 నుంచి 7π/4 లోపు −1. ఆ తర్వాత 2π లోపు 0. సమాకలనం చేస్తే π/2 − π/4 − π − π/4. ఇదీ −π.

[సైన్ ఎక్స్]కి చేసి చూడండి, అదీ −π. ఇది కాకతాళీయం కాదు. ఈ మూడు ప్రమేయాల్లోనూ బ్రాకెట్ లోపల ఉన్నదానికి ఒక గుణం ఉంది: ఎక్స్‌కు π కలిపితే గుర్తు మాత్రమే మారుతుంది. జి(ఎక్స్ + π) = −జి(ఎక్స్). కాబట్టి 0 నుంచి 2π వరకు [జి] సమాకలనం అంటే 0 నుంచి π వరకు [జి] + [−జి] సమాకలనమే. జి పూర్ణాంకం కానిచోట [జి] + [−జి] = −1 అని పైన రాసుకున్నాం. జి పూర్ణాంకం అయ్యేది లెక్కపెట్టగలిగిన కొన్ని బిందువుల దగ్గరే కాబట్టి సమాకలనం −1 × π = −π. మెట్లేమీ గీయక్కర్లేదు. [5సైన్ ఎక్స్], [7కాస్ ఎక్స్], [సైన్ ఎక్స్ − 3కాస్ ఎక్స్], అన్నిటికీ ఒకటే జవాబు. లోపల స్థిరసంఖ్య కలిసినా, సైన్ వర్గం లాంటిది వచ్చినా ఆ గుణం పోతుంది, అప్పుడు మెట్లు గీయక తప్పదు. అయినా ముందుగా ఈ గుణం ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోండి, పది నిమిషాల లెక్క రెండు వరుసల్లో తేలిపోతుంది.

సమీకరణాలకు వద్దాం. సైన్ ఎక్స్ = [ఎక్స్] సాధించమంటే గ్రాఫ్ గీసి ఖండన బిందువులు చూస్తారు. గ్రాఫ్ మంచిదే, కానీ మెట్ల దగ్గర కన్ను మోసపోతుంది. కుడివైపు పూర్ణాంకం, ఎడమవైపు −1 నుంచి 1 లోపల, కాబట్టి [ఎక్స్] విలువ −1, 0, 1లో ఒకటి. మూడూ విడివిడిగా చూడండి. [ఎక్స్] = 0 అయితే 0 ≤ ఎక్స్ < 1, సైన్ ఎక్స్ = 0, ఎక్స్ = 0 దొరికింది. [ఎక్స్] = 1 అయితే 1 ≤ ఎక్స్ < 2, సైన్ ఎక్స్ = 1, ఎక్స్ = π/2. అది 1.57 కాబట్టి అంతరంలోనే ఉంది, తీసుకోవచ్చు. [ఎక్స్] = −1 అయితే −1 ≤ ఎక్స్ < 0, సైన్ ఎక్స్ = −1 కావాలి. దగ్గర్లో ఉన్నది −π/2, అంటే −1.57, అంతరం బయట పడింది. కాబట్టి సాధనలు 0, π/2, రెండే.

ఇదే పద్ధతి కాస్ ఎక్స్ = [ఎక్స్]కి వాడితే ఒక్క సాధన కూడా రాదు. ఇది చెబితే వెంటనే ఒప్పుకోరు, ఎందుకంటే గ్రాఫ్‌లో రెండూ దాటుకున్నట్టే కనిపిస్తాయి. 0 నుంచి 1 లోపు మెట్టు 0 దగ్గర ఉంది, కాస్ దానికి పైన ఉంది. 1 నుంచి 2 లోపు మెట్టు 1 దగ్గర ఉంది, కాస్ దానికి కింద ఉంది. మరి ఎక్కడ దాటింది? ఎక్స్ = 1 దగ్గర మెట్టు 0 నుంచి 1కి గెంతింది, ఆ గెంతు మధ్యలో ఉన్న ఖాళీలోంచి కాస్ 1 = 0.54 అనే బిందువు దూరి వెళ్లిపోయింది. గ్రాఫ్‌లో మెట్లను నిలువు గీతలతో కలిపేసేవారికి అక్కడ ఖండన బిందువు కనిపిస్తుంది. నిలువు గీతలు గీయకండి. మెట్టు ఎడమ కొస దగ్గర నిండు చుక్క, కుడి కొస దగ్గర ఖాళీ చుక్క పెట్టండి.

అవధుల గురించి క్లుప్తంగా. ఎక్స్ సున్నాను సమీపిస్తుంటే (సైన్ ఎక్స్)/ఎక్స్ విలువ 1ని సమీపిస్తుంది, కాబట్టి [(సైన్ ఎక్స్)/ఎక్స్] కూడా 1 అవుతుందని రాయకండి. సున్నాకు దగ్గరగా, సున్నా కాని ఎక్స్‌కు (సైన్ ఎక్స్)/ఎక్స్ ఎప్పుడూ 1 కంటే తక్కువే. ఎక్స్ = 0.1 దగ్గర 0.9983. కాబట్టి పూర్ణాంక భాగం 0, అవధి కూడా 0. (టాన్ ఎక్స్)/ఎక్స్ పైనుంచి దిగుతుంది, 0.1 దగ్గర 1.0033, కాబట్టి [(టాన్ ఎక్స్)/ఎక్స్] అవధి 1. పూర్ణాంకం దగ్గర గరిష్ఠ పూర్ణాంక ప్రమేయం అవిచ్ఛిన్నం కాదు, కాబట్టి అవధిని బ్రాకెట్ లోపలికి తోయలేం. ఏ వైపు నుంచి వస్తోందో చూడాలి.

విలోమ ప్రమేయాల్లో ఒక్క విషయం చెప్పి ముందుకు వెళ్తాను. సైన్ ఇన్వర్స్ [ఎక్స్]కి ప్రదేశం ఏమిటంటే చాలామంది −1 నుంచి 1 వరకు అంటారు. [ఎక్స్] అనేది −1, 0, 1 కావాలి. [ఎక్స్] = 1 అంటే ఎక్స్ 2 లోపు ఎక్కడైనా ఉండొచ్చు. కాబట్టి ప్రదేశం −1 ≤ ఎక్స్ < 2. వ్యాప్తిలో −π/2, 0, π/2 అనే మూడే విలువలు. బ్రాకెట్ బయట ఉంటే, అంటే [సైన్ ఇన్వర్స్ ఎక్స్] అయితే, −1.57 నుంచి 1.57 వరకు ఉన్న విలువల పూర్ణాంక భాగాలు −2, −1, 0, 1. [కాస్ ఇన్వర్స్ ఎక్స్]కి 0, 1, 2, 3. π విలువ 3 కంటే ఎక్కువ కాబట్టే ఆ 3 వస్తుంది.

మీ జవాబులు కంప్యూటర్‌లో సరిచూసుకుంటానని రాశారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. గాస్ 1808లో ఈ చదరపు బ్రాకెట్ గుర్తు వాడాడు, 1962లో ఐవర్సన్ దీనికే ఫ్లోర్ అనే పేరు, కింద మాత్రమే కొక్కెం ఉన్న గుర్తు పెట్టాడు. ప్రోగ్రామింగ్‌లో వాడాల్సింది ఆ ఫ్లోరే. సి భాషలో గానీ పైథాన్‌లో గానీ ఇంట్ అని వాడితే అది సున్నా వైపుకు కోసేస్తుంది: −9.87కి −9 ఇస్తుంది. మీరు కాగితం మీద చేసిన పొరపాటును కంప్యూటర్ కూడా చేసి "కరెక్టే" అని చూపిస్తుంది. ఫ్లోర్ అయితే −10 ఇస్తుంది.

ఫ్లోర్ వాడినా అంచుల దగ్గర కంప్యూటర్‌ను నమ్మకండి. [సైన్ 2π] ఎంత? సైన్ 2π = 0, కాబట్టి 0. కానీ కంప్యూటర్ దగ్గర ఉన్న π దశాంశాల దగ్గర తెగిపోయిన π. పైథాన్‌లో సైన్ 2π అడిగితే సున్నా రాదు, దశాంశ బిందువు తర్వాత 15 సున్నాల వెనుక 24తో మొదలయ్యే ఒక రుణసంఖ్య వస్తుంది. దానికి ఫ్లోర్ వేస్తే −1. సైన్ π అడిగితే అంతే చిన్న ధనసంఖ్య వస్తుంది, దానికి ఫ్లోర్ 0, అక్కడ అదృష్టవశాత్తూ సరిపోతుంది. కాబట్టి మెట్ల మధ్యలో ఉండే విలువలను కంప్యూటర్‌తో సరిచూసుకోండి, π, 2π, 7π/6 లాంటి కొసలను మాత్రం చేత్తోనే తేల్చుకోండి.